రైసు మిల్లు మలుపులో ఎర్ర దీపాలు

బ్యాటరీ ప్లస్ మీద కుడిచెయ్యి, మైనస్ మీద ఎడమచెయ్యి ఆన్చి ప్రమాణం చేసి చెప్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మనిషిని ఏమీ చెయ్యదు కదా అని నవ్వే మెకానిక్కులెవరైనా ఈ పుస్తకం చేతిలో పట్టుకుని ఉంటే, దయచేసి ఆ సంగతి పక్కవాళ్ళకి చెప్పకండి. చోడవరంలో నేను ఏం చెప్పినా సగం కొట్టేసి మిగిలిన సగమే వినడం అందరికీ అలవాటు. మా ఆవిడయితే, వాన పడుతోందని నేను కేకేసినా, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుని గాని ఆరేసిన బట్టలు తియ్యడానికి లేవదు. అటువంటి పేరున్నవాణ్ణి ఇంత పెద్ద ఒట్టు పెట్టుకుని మొదలుపెట్టానంటే ఇది ఎంత గట్టి నిజమో మీరే ఊహించుకోండి.

పోయిన వారం మా తమ్ముడు, అంటే మా చిన్నాన్న పెద్దకొడుకు, కొత్తగా కొన్న పికప్ బండి తీసుకొచ్చి నా షాపు ముందు ఆపాడు. నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. వైర్లు, బల్బులు, హారన్లు, డైనమోలు, ఊళ్ళో కబుర్లు అన్నీ అక్కడ దొరుకుతాయి. వెనక దీపం ఒకటి పనిచెయ్యడం లేదన్నాడు వాడు. నీకెలా తెలిసిందిరా, వెనకాల వచ్చేవాళ్ళెవరైనా చెప్పారా అని అడిగాను. వాడు నన్ను కాస్త జాలిగా చూసి, స్టీరింగు వెనకాల వెలుగుతున్న పసుప్పచ్చ గుర్తు చూపించి, "బండే సెప్పేసింది అన్నియ్యా" అన్నాడు. విప్పి చూస్తే లోపల బల్బూ లేదు, బల్బు పెట్టుకునే గూడూ లేదు. దీపమంతా ఒకటే ముక్క. పాత ముక్క తీసి కొత్త ముక్క పెట్టడమే మన పని. తెప్పించిన టీ చల్లారేలోపు అయిపోయింది. వాడు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు గాని, వాడన్న ఆ మాట మాత్రం నా షాపులోనే ఉండిపోయింది.

బండే చెప్పేసిందట. నా వయసువాళ్ళకి ఈ మాట ఎంత విడ్డూరంగా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మన రోజుల్లో బండి తోలేవాడికి తన వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో తెలిసే దారే ఉండేది కాదు. ముందు దీపాలయితే రోడ్డు మీద పడతాయి. వెనకవి మాత్రం తోలేవాడి వీపు వెనకాల వెలిగి వీపు వెనకాలే ఆరిపోయేవి. ఎవరో ఒకరు వెనకాల నిలబడి, వెలిగిందనో వెలగలేదనో చెప్పాలి. చెప్పే మనిషి లేనివాడు సున్నం వేసిన గోడ దొరికేదాకా ఆగి, బండిని దానికేసి వెనక్కి నడిపి, గోడ ఎర్రబడిందా లేదా అని మెడ తిప్పి చూసుకునేవాడు. మా చిన్నాన్నకి గోడతో పని ఉండేది కాదు. ఆయనకి మా పిన్ని ఉండేది.

చిన్నాన్నకి అప్పట్లో ఒక పికప్ బండి. గానుగలాడే రోజుల్లో రావికమతం వైపు ఊళ్ళన్నీ తిరిగి బెల్లం ఎక్కించుకుని అనకాపల్లి తీసుకెళ్ళడం ఆయన పని. చలికాలం, మంచు విడవకముందే చీకటితో బయల్దేరేవాడు. వాళ్ళ ఇల్లు ఊరి చివర, రోడ్డు పక్కనే. బండి ఇంటిముందు కదిలి తిన్నగా పోయి, దూరాన రైసు మిల్లు దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో చిన్నాన్న బ్రేకు రెండుసార్లు తొక్కేవాడు. బండి ఆపడానికి కాదు. గుమ్మంలో శాలువా కప్పుకుని నిలబడ్డ పిన్నికి ఎర్ర దీపాలు రెండుసార్లు భగ్గుమని కనబడడానికి. అవి చూశాక పిన్ని లోపలికెళ్ళి పొయ్యి వెలిగించేది. ఈ ఏర్పాటు వాళ్ళ మధ్య ఎప్పుడు ఎలా మొదలయిందో నాకు తెలియదు. అడిగితే ఇద్దరూ నన్ను కొట్టేలా చూసేవారు.

ఇక్కడ చిన్నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన జన్మలో పిన్నిని పేరుతో పిలిచి ఎరగడు. మన పక్క ఆ తరం మగాళ్ళు చాలామంది అంతే కదా. ఇంట్లో ఉంటే "ఇదిగో", పెరట్లో ఉంటే "ఇనబడిందా", నలుగురిలో ఉంటే "గుంటల తల్లి", అంటే పిల్లల తల్లి. ఓటరు కార్డు రాసుకోవడానికొచ్చిన మనిషి భార్య పేరడిగితే, సిగ్గుపడి, నన్ను కేకేసి, "ఒరే, మీ పిన్ని పేరు సెప్పు ఈ బాబుకి" అన్నవాడు. ఆయన మీద గౌరవంతో ఆ పేరు నేను కూడా ఇక్కడ రాయడం లేదు.

ఆ ఏడు బండికి బ్రేకు చేయించాల్సి వచ్చింది. అంటే, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టాలి. దానికి ముందు బండికి రంగు కొట్టించడం మనవాళ్ళ ఆనవాయితీ. పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసి గాని ఇన్‌స్పెక్టరుకి చూపించరు. చిన్నాన్న బండిని పెయింటరుకి అప్పజెప్పాడు. అతను చెయ్యి తిరిగిన మనిషి. రంగు ఎక్కడ ఆపాలో తెలియదు, అంతే. బాడీకి ఆకుపచ్చ, అడుగున ఛాసిస్‌కి మందంగా నల్లరంగు కొట్టాడు. వెనక దీపాలు విప్పి, వాటి చోటు కూడా కొట్టి, మళ్ళీ బిగించాడు. ఆ నల్లరంగు ఎంత మందమంటే, అందులో కూరుకుపోయిన ఈగ రెక్కలతో సహా కనబడేది. బతికినంతకాలం ఆ ఈగ ఆ బండితో అనకాపల్లి వెళ్ళొచ్చింది. బతికినంతకాలమంటే బండి బతికినంతకాలం.

అంతా అయ్యాక వెనక డోరు మీద ఏం రాయమంటారు అని అడిగాడు పెయింటరు. చిన్నాన్న అమ్మ దీవెన రాయమన్నాడు. దాని కింద పిల్లల పేర్లు చెప్పాడు. ఇంకేటైనా రాయాలా బాబూ అని అతను కుంచె ఎత్తిపట్టుకుని ఎదురుచూశాడు. చిన్నాన్న నేలచూపులు చూసి, కాలితో మట్టిలో ఏదో గీసి, సాలన్నాడు. పక్కనే ఉన్న నేను చూశాను, ఆయన పెదాలు ఒకసారి కదిలాయి. కాని ఆ కుంచె పట్టుకున్న పరాయి మగాడి ముందు ఆ పేరు బయటికి రాలేదు.

సాయంత్రం బండి ఇంటికొచ్చింది. పిన్ని పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చి, ముందు దీపాలకి పసుపు రాసి బొట్లు పెట్టి, బండి చుట్టూ తిరుగుతూ వెనక్కి వచ్చింది. వెనక డోరు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. పళ్ళెం నేలమీద పెట్టేసింది.

"మీ యమ్మ దీవెనుంది. గుంటల పేర్లున్నాయి. కింద మూల సిన్నచ్చరాల్తో పెయింటరు పేరు కూడా ఉంది. నానెక్కడున్నానో సూపించు."

నిజం చెప్తే సరిపోయేది. కాని, నీ పేరు పలకడానికి సిగ్గేసింది అని చెప్పడం ఆ పేరు పలకడం కంటే కష్టం. ఏం చెప్పాలో తోచని మగాడు చేసే పనే చిన్నాన్న చేశాడు, గొంతు పెంచాడు. "బండి తోల్తన్నది నువ్వేటి, నీ పేరెయ్యడానికి?" అన్నాడు. ఆ మాట అన్న మరుక్షణమే ఆయన మొహం చూస్తే, దాన్ని వెనక్కి లాక్కోవడానికి తాడేదైనా దొరుకుతుందా అని వెతుకుతున్నట్టుంది. దొరకలేదు. ఆ రాత్రి ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు.

తెల్లవారుజామున చిన్నాన్న బండి తీశాడు. పిన్ని అంత కోపంలోనూ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. బండి తిన్నగా పోయింది, మలుపు వచ్చింది, చిన్నాన్న ఎప్పటిలాగే రెండుసార్లు బ్రేకు తొక్కాడు, మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. పిన్నికి మాత్రం ఏమీ కనపడలేదు. భగ్గుమనడం మాట అటుంచి, మామూలుగా వెలిగే ఎర్ర దీపాలు కూడా లేవు. బండి వెనకభాగం చీకట్లో చీకటిగా కలిసిపోయింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటి ముసలావిడ తాళంచెవితో పాటు కబురు కూడా ఇచ్చింది. "పిల్లల్నట్టుకొని సీడికాడ ఎల్లిపోనాది బాబూ. ‘ఎనక దీపాలు కూడా ఆర్పేసుకొని దొంగలాగ పోనోడికి నాను వండి పెట్టాలేటి’ అని సెప్పమంది." చీడికాడ పిన్ని పుట్టిల్లు. పెళ్ళయిన నాటినుంచి పండక్కో పురిటికో తప్ప ఆ గడప తొక్కని మనిషి, చెప్పా పెట్టకుండా, అందులోనూ వంట చెయ్యకుండా వెళ్ళడం అదే మొదలు.

నేనప్పటికి మీసం దిట్టంగా వచ్చినవాణ్ణే. చోడవరంలోనే ఒక మేస్త్రి దగ్గర వైరింగు పని నేర్చుకుంటున్నాను. ఆ రోజు మేస్త్రి ఏదో పెళ్ళికి వెళ్ళడంతో షాపుకి నేనే రాజుని. చిన్నాన్న వచ్చి పాత టైరు మీద కూలబడి, జరిగినదంతా చెప్పి, "ఎనక దీపాలు ఆర్పడానికి ఏరే స్విచ్చుంటాదేట్రా? దానికా మాత్రం తెలీదా?" అన్నాడు. ఆ మాటకి నా బుర్రలో దీపం వెలిగింది. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమని, నేను వెనక్కెళ్ళి చూశాను. లేదు. లైట్ల స్విచ్చు వెయ్యమన్నాను. లేదు. ముందువి శుభ్రంగా వెలుగుతున్నాయి, వెనక రెండు పక్కలా చీకటి. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. బండి పాడయిందని అంత సంబరపడ్డ ఎలక్ట్రీషియను నా ముందూ లేడు, తర్వాతా ఉండడు. పిన్ని కోపానికి కారణం మొగుడు కాదు, వైరు. వైరయితే నేను బాగుచేస్తాను.

ముందు ఎర్ర అద్దం విప్పాను. లోపలినుంచి చీమలు. బెల్లం బండి కదండీ, కరిగి కారిన బెల్లం కారినట్టే దీపాల సందుల్లోకి దిగేది. ఆ తీపికి చీమలు చేరి అందులో కాపురాలు పెట్టాయి. మా చోడవరం చీమలు బెల్లం తిని తిని ఎంత బలిసి ఉంటాయంటే, వాటిలో ఒకటి నేను కింద పెట్టిన స్క్రూని పట్టుకుని ఈడ్చుకుపోతోంది. చీమల్ని దులిపి బల్బు తీసి చూశాను. లోపలి రెండు తీగలూ, బ్రేకుది ఒకటి, మామూలు వెలుగుది ఒకటి, బాగానే ఉన్నాయి. ఫ్యూజు చూశాను, బాగుంది. పెడలు దగ్గరుండే బ్రేకు స్విచ్చు చూశాను, అదీ బాగుంది. ఇక టెస్టు ల్యాంపు తీశాను. తెలియనివాళ్ళకి చెప్తాను, అదొక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఒక కొసని క్లిప్పుతో బండి ఇనుముకి కరిపించి, రెండో కొసని అనుమానమున్న వైరుకి తాకిస్తే, ఆ వైరులో కరెంటుంటే బల్బు వెలుగుతుంది. నేను నిగనిగలాడుతున్న ఛాసిస్‌కి క్లిప్పు కరిపించి వైరు తాకించాను. వెలగలేదు. ఇంకో వైరు, ఊహూఁ. అయితే మధ్యలో ఎక్కడో వైరు తెగిందన్నమాట అని తీర్మానించి, బండి కింద పడుకుని, ఆ చివర్నించి ఈ చివరికి వైరంతా పేగుల్లా బయటికి లాగాను. ఎక్కడా తెగలేదు. సాయంత్రం కావస్తోంది. చిన్నాన్న టైరు మీద నుంచి లేవలేదు, టీ తాగలేదు, చుట్ట వెలిగించి ఆరిపోయినా చూసుకోలేదు. పిన్ని ఒక్కరాత్రి అక్కడ పడుకుందంటే ఆ రాత్రి రెండవుతుంది, తర్వాత పెద్దలొస్తారు, పంచాయితీ అంటారు, ఆమె నోటితో ఒకమాట, ఈయన నోటితో ఒకమాట, అవి ఇక వెనక్కి రావు. ఇది ఆయన అనలేదు, ఆరిపోయిన ఆ చుట్ట అంది.

వైరు మళ్ళీ బిగించి, నాకు చేతకాలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక, ఆ చేతకానితనానికే ఎత్తుగడ అని పేరు పెట్టాను. బాగుచేసి తీసుకెళ్తే సాక్ష్యం చెరిగిపోతుంది కదా చిన్నాన్నా, వెలగని దీపాన్ని వెలగనట్టే తీసుకెళ్ళి పిన్నికి చూపిద్దాం అన్నాను. ఆయనకి ఏది చెప్పినా తలూపే స్థితి. బయల్దేరాం. వెనక దీపాల్లేని బండి కాబట్టి నేను వెనక తొట్టిలో కూర్చున్నాను, చిన్నాన్న ఎర్ర తువ్వాలు చేతిలో పట్టుకుని. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు రోడ్డంతా. ఆయన బ్రేకు తొక్కేముందు క్యాబిను రేకు మీద చరచాలి, నేను తువ్వాలు ఊపాలి. ఆ సాయంత్రం ఆ బండికి వెనక దీపాన్ని నేనే. మధ్యలో ఒక టీకొట్టు దగ్గర ఆగాం. అక్కడ ఆయన నాతో రెండు మాటలు చెప్పాడు గాని, వాటితో ఇప్పుడు పనిలేదు.

చీడికాడ చేరేసరికి కొండలమీద ఎండ పోయింది గాని వెలుతురు ఇంకా ఉంది. పిన్ని వాళ్ళమ్మ, నేను కూడా అమ్మమ్మా అనే పిలిచేవాణ్ణి, అరుగు మీద కూర్చుని చేటలో కందులు బాగుచేస్తోంది. బండి ముందుభాగం ఆమెకి ఎదురుగా వచ్చేటట్టు ఆపాడు చిన్నాన్న. ఆపి, కిందకి దిగడానికి మొహం చెల్లక, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పిన్ని లోపల్నించి వచ్చి, బండివైపు చూడకుండా, నావైపు మాత్రమే చూస్తూ నిలబడింది. నేను గొంతు సవరించుకుని నా ఉపన్యాసం మొదలుపెట్టాను. పిన్నీ, దీపాలు పాడయిపోయాయి, మలుపు దగ్గర చిన్నాన్న తొక్కాడు, రెండు కాదు మూడుసార్లు తొక్కాడు, నీకు కనబడలేదంతే.

"అబద్దాలాడ్డానికి ఊళ్ళో ఇంకెవులూ దొరకలేదేటి, నిన్నట్టుకొచ్చేడు?" అంది పిన్ని.

నా పేరు నా కొంపే ముంచింది. సరే, నీ కళ్ళతో నువ్వే చూసుకో అని ఆమెని బండి వెనక్కి తీసుకొచ్చి, తొక్కు చిన్నాన్నా అన్నాను.

"తొక్కేను" అని క్యాబిన్లోంచి వినబడింది.

"ఎలగలేదు" అంది పిన్ని నాతో.

"చూశావా మరి?"

"ఏటి సూసేది? తొక్కితే ఎలగలేదో, తొక్కకుండా తొక్కేనంటన్నాడో నాకేటి తెలుసు? పొద్దున్నా ఇలగే."

నిజమే కదా. వెనక నిలబడ్డ మనిషికి పెడలు మీది కాలు కనపడదు, పెడలు తొక్కే మనిషికి వెనక దీపం కనపడదు. దీపం వెలిగితే తప్ప ఈ ఇద్దరి మధ్యా సాక్ష్యం లేదు. ముందుకెళ్ళి ఆయన కాలు చూసుకో పిన్నీ అందామంటే, ముందుకెళ్తే మొగుడి మొహం చూడాలి. దానికి ఆమె సిద్ధంగా లేదు. నేను దొరికిన ప్రతి వైరునీ కదుపుతూ తొక్కు, వదులు అని అరుస్తున్నాను. చిన్నాన్న తొక్కేనని సెప్పు అంటాడు. పిన్ని ఎలగలేదని సెప్పు అంటుంది. ఇద్దరి మాటలూ నా మీదుగా వస్తున్నాయి, పోతున్నాయి.

అప్పుడు అరుగు మీంచి అమ్మమ్మ చేట దించి, "ఒరే, ఎనకాల ఎలగలేదు ఎలగలేదని సస్తన్నారేట్రా, ముందల ఎలుగుతంటే?" అంది.

ముసలావిడకి చూపు చెదిరిందనుకున్నాం. బ్రేకు తొక్కితే ముందు దీపాలు వెలగడమేమిటి? "మాయదారి బండి. ఆడు కాలు ఎట్టినప్పుడల్లా ఈ సిన్నదీపాలు రెండూ మిణుకుమంటన్నాయి. వచ్చి సూడండి" అంది ఆవిడ మళ్ళీ.

నేను పరిగెత్తాను. నా వెనకే, తను ఎక్కడికొస్తోందో మర్చిపోయి, పిన్ని కూడా వచ్చింది. చిన్నాన్న తొక్కాడు. పసుపు బొట్ల మధ్య ముందు చిన్నదీపాలు రెండూ, పిల్లి కళ్ళలా మిణుక్కుమన్నాయి. వదిలాడు, ఆరిపోయాయి. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ వెలిగాయి. మీరు నమ్మరని నాకు తెలుసు. ఏ ఎలక్ట్రీషియన్నయినా అడగండి. వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి. వెనక దీపంలోకి వెళ్ళిన కరెంటు అక్కడున్న బోల్టు ద్వారా బండి ఇనుములోకి దిగి బ్యాటరీకి తిరిగొస్తుంది. దాన్నే మేం ఎర్తు అంటాం. ఆ దారి మూసుకుపోతే అది ఊరుకోదు, వెనక దీపం రెండో తీగలో దూరి, లైట్ల వైరు పట్టుకుని, బండి పొడుగునా నడిచి, ముందు దీపాల్లోంచి దిగి ఇల్లు చేరుకుంటుంది. అంత దూరం నడిచేసరికి దాని ఓపికంతా అయిపోయి, మిణుకుమనే పాటి మిగులుతుంది. వెనక కూడా ఆ మిణుకు ఉండే ఉంటుంది గాని, బెల్లం మరకలు పట్టిన ఆ ఎర్ర అద్దం దాటి రాలేదు.

పెయింటరు ఎర్తు బోల్టు విప్పి, దాని కింద కూడా మందంగా నల్లరంగు కొట్టి, దానిమీద మళ్ళీ బిగించాడు. నేను షాపులో టెస్టు ల్యాంపు క్లిప్పు కరిపించింది కూడా ఆ రంగు మీదే. అందుకే మంచి వైరుని తెగిన వైరనుకున్నాను. ఇదంతా ఒక్క క్షణంలో నాకు వెలిగింది గాని, నేను అరవలేదు. ఎందుకంటే అప్పటికి పిన్ని బండి ముందే నిలబడి ఉంది. దీపాలు చూడడానికి వచ్చిన మనిషి చూపు దీపాలు దాటి, అద్దం దాటి, లోపల స్టీరింగు పట్టుకుని తలొంచుకుని బుద్ధిగా బ్రేకు తొక్కుతూ వదులుతూ ఉన్న చిన్నాన్న మీద పడింది. పొద్దుట్నుంచి తిండిలేని మొహం. ఆయన తలెత్తాడు. నేను బండి కింద దూరాను. పని ఉండే దూరాను, కాని పని లేకపోయినా దూరేవాణ్ణే.

"రంగు గీకడానికి ఏదైనా ఇవ్వు పిన్నీ" అంటే, చెరుకు కొట్టే కత్తి ఒకటి బండి కిందకి వచ్చింది. బోల్టు విప్పి, దాని చుట్టూ ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, వైరు బిగించాను. తొక్కమన్నాను. నా మొహం మీద, నేలమీద, వెనకాల కొట్టం గోడమీద ఎర్రటి వెలుగు పడింది. చిన్నాన్న వదిలి, మళ్ళీ ఒకసారి తొక్కాడు.

రెండుసార్లు.

తర్వాత పిన్ని, ఈసారి నాతో కాదు, తిన్నగా క్యాబిన్‌కేసి, "సాల్లే, బేటరీ అయిపోద్ది" అంది. అని లోపలికెళ్ళి సంచీ తెచ్చుకుంది. పిల్లల్ని నా మీదకి తోసి, తను ముందు సీట్లో కూర్చుంది. దారిలో చిన్నాన్న, పెయింటరు దగ్గర ఎందుకు నోరు రాలేదో చెప్పాడు కాబోలు, ఉన్నట్టుండి పిన్ని పగలబడి నవ్వడం వెనక తొట్టిలోకి వినబడింది. మర్నాడు ఆయన పెయింటర్ని ఇంటికే పిలిచి, ఆమె ఎదుటే పేరు రాయించబోతే, పిన్నే వద్దంది. వెనకాల రాస్తే ఊరందరికీ కనబడుతుంది, నీకు కనబడదు, అద్దం పైన లోపల రాయించు అంది. కుంచె పట్టుకుని పెయింటరు పేరడిగాడు. చిన్నాన్న చెమటలు కక్కుకుంటూ, గోడకేసి తిరిగి, చెప్పాడు. మేమందరం విన్నాం.

ఆ బండి ఎప్పుడో తుక్కుకి పోయింది. చిన్నాన్న స్టీరింగు పట్టుకోవడం మానేశాడు, స్కూటరు మీద పొలానికి వెళ్ళొస్తాడు. మా తమ్ముడి కొత్తబండి వెనక దీపాలు పగలే కళ్ళు జిగేల్మనిపిస్తాయి. రైసు మిల్లు దగ్గర అవి మలుపు తిరుగుతుంటే పిన్ని ఇప్పటికీ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. వాడు అక్కడ బ్రేకు తొక్కడు, తొక్కాల్సిన పని లేదు. ఎక్కడున్నాడో ఫోనులో చుక్క కదులుతుంది, దీపం పోతే బండే చెప్పేస్తుంది, వాడి భార్య పేరు వాడు రోజుకి వందసార్లు పిలుస్తాడు. అన్నీ మంచివే, కాదనను. కాని నా వెనకాల నాకు కనబడనిది చూసి చెప్పడానికి ఒక మనిషి నిలబడి ఉంది అన్న ధీమా ఉండేదే, ఆ పని ఆ పసుప్పచ్చ గుర్తు చెయ్యగలదా అని మాత్రం షాపు కట్టేసే వేళ ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇక ఒట్టు సంగతి. బ్యాటరీ మీద చేతులు పెట్టాను కదా, ఒప్పుకోవాలి. చీమలు నిజం. స్క్రూ ఈడ్చుకుపోవడమూ నిజమే, చిన్న స్క్రూ. ఈగ నిజం. బ్రేకు తొక్కితే ముందు దీపాలు మిణుకుమనడం, మీరు ఎక్కడయితే వీడు కోస్తున్నాడు అనుకున్నారో అది, అక్షరాలా నిజం. నేను కల్పించింది మీరెవరూ అనుమానించని ముక్క. ఆ తెల్లవారుజామున మలుపు దగ్గర చిన్నాన్న ఎప్పటిలాగే రెండుసార్లు బ్రేకు తొక్కాడని రాశానే, అది. టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని ఆయన నాతో అన్నది ఇది. "తొక్కలేదురా. కోపంతో తిన్నగా ఎల్లిపోయేను. రావికమతం దాకా ఆ కాలు నన్ను తిడతానే ఉంది." దీపం ఎలాగూ చచ్చిపోయి ఉంది కాబట్టి తొక్కినా తొక్కకపోయినా పిన్నికి ఒకటే. ఆ తేడా తెలిసినవాళ్ళం మేమిద్దరమే. చీడికాడ వాకిట్లో నేను తొక్కాడని గట్టిగా చెప్తుంటే క్యాబిన్లో ఆయన తలొంచుకున్నది అందుకే. ఆ మర్నాటినుంచి ఆయన ఆ మలుపులో ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చినా, వానొచ్చినా, పిన్ని ఊళ్ళో లేకపోయినా, ఇప్పుడు ఆ స్కూటరు మీద కూడా. నేనాడిన ఆ ఒక్క అబద్ధాన్ని బతుకంతా కాలితో తొక్కి తొక్కి నిజం చేశాడు.

పిన్నికి చత్వారం. ఈ పుస్తకం అచ్చయి వస్తే చదివి వినిపించాల్సింది నేనే. ఈ చివరి పేజీ దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయిందని చెప్తాను.